పెళ్లిళ్లు లేని నెలల్లో స్టాక్ ఫొటోలు: ఇప్పుడు ఏం తీస్తే అమ్ముడవుతాయి?

ప్రశ్న: నేను తణుకు దగ్గర పెళ్లిళ్ల ఫొటోగ్రాఫర్‌ని. 24 మెగాపిక్సెల్ క్రాప్ సెన్సర్ కెమెరా, 18–55 లెన్స్, 50 ఎంఎం ఎఫ్/1.8 లెన్స్, ఒక స్పీడ్‌లైట్ ఫ్లాష్ ఉన్నాయి. ఆషాఢం, మూఢం వస్తే చేతిలో పనుండదు. అందుకే స్టాక్ సైట్లలో, అంటే ఎవరైనా కొని వాడుకునేలా ఫొటోలు అమ్మిపెట్టే సైట్లలో, ఖాతాలు తెరిచాను. గోదావరి మీద సూర్యాస్తమయాలు, మందారాలు, తెల్ల కాగితం మీద పండ్లు, ల్యాప్‌టాప్ పక్కన కాఫీ కప్పు... ఇలా నాలుగు వందల దాకా పంపాను. అమ్ముడైనవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ట్రెండ్ మారిందంటున్నారు. ఏమిటా ట్రెండ్? నా సామానుతో అందుకోగలనా? హార్డ్ డిస్కుల నిండా పెళ్లి ఫొటోలున్నాయి, వాటిని పెట్టేయొచ్చా? అసలు ఏఐ వచ్చాక ఇదంతా దండగేనా?

జవాబు: పెళ్లి ఫొటోల సంగతి ముందు తేల్చేద్దాం. ప్రమాదం ఉన్నది అక్కడే.

వాటిని పెట్టకండి. కెమెరా మీది, కష్టం మీది, కాపీరైట్ మాత్రం మీది కాకపోవచ్చు. 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం, ఒకరు డబ్బిచ్చి తీయించుకున్న ఫొటోకు, వేరే ఒప్పందం లేకపోతే, తీయించుకున్నవాళ్లే మొదటి హక్కుదారులు. మన దగ్గర ఒప్పందం రాయించుకునే పెళ్లి ఫొటోగ్రాఫర్లు ఎంతమంది? అడ్వాన్సు రసీదు మీద రేటు, ఆల్బమ్ సైజు తప్ప ఇంకేమీ ఉండదు. ఒప్పందం ఉందనుకున్నా, ఫొటోలో గుర్తుపట్టగలిగే ప్రతి మనిషీ మోడల్ రిలీజ్ (తన ఫొటో వాడుకోవచ్చని ఒప్పుకునే పత్రం) మీద సంతకం పెట్టాలి. తలంబ్రాల ఫొటోలో వెనక నిలబడ్డ మేనమామ, పూలబుట్ట పట్టుకున్న పాప, పురోహితుడు, అందరూ లెక్కే. సంతకాలు మీరే గీసి పంపితే రివ్యూ దాటిపోవచ్చు. రేపు ఆ పెళ్లికూతురి మొహం ఏ సంతాన సాఫల్య కేంద్రం హోర్డింగ్ మీదో కనిపిస్తే వాళ్ల నాన్న వచ్చి నిలబడేది మీ స్టూడియో ముందే.

అలాగని పెళ్లి అనే సబ్జెక్టును వదులుకోకండి, అది మీకు కొట్టిన పిండి. స్టాక్ సైట్లో ‘ఇండియన్ వెడ్డింగ్’ అని వెతికి చూడండి. ఎర్ర లెహెంగాలు, గుర్రమెక్కిన వరుడు, ఉత్తరాది మండపాలే వరసకడతాయి. మధుపర్కాలు, బాసికాలు, అడ్డుతెర, గంపలో పెళ్లికూతురు, తమలపాకుతో తల మీద పెట్టే జీలకర్ర బెల్లం రిలీజులతో సహా సరిగ్గా దొరికేవి తక్కువ. ఆషాఢంలో మీకు పనిలేనట్టే మేకప్ ఆర్టిస్టుకూ, పూల డెకరేషన్ వాళ్లకూ పనుండదు. ఫొటోలు అందరూ తమ ప్రచారానికి వాడుకునేలా మాట్లాడుకుని, ఇద్దరు మోడల్స్‌తో ఒక ఉదయం చిన్న పందిరి కింద తీయండి. మోడల్స్ ఫీజు, పూలు, భోజనాలు, అంతకుమించి ఖర్చుండదు. శాస్త్రం మాత్రం తప్పకూడదు. మంగళసూత్రం మెడలో పడకముందే నల్లపూసలు కనిపిస్తే తెలుగువాళ్లు ఇట్టే పట్టేస్తారు, కొనేది కూడా ఎక్కువగా మనవాళ్ల కోసం ప్రకటనలు చేసేవాళ్లే.

ఇక ట్రెండ్. ఈ మాట వినగానే చాలామందికి రంగులు, ప్రీసెట్లు గుర్తొస్తాయి. రంగుల ప్రమాణాలు తయారుచేసే పాంటోన్ సంస్థ ఏటా ఒక రంగును ప్రకటిస్తుంది. 2024కి పీచ్ ఫజ్, 2025కి మోకా మూస్, 2026కి క్లౌడ్ డాన్సర్ అనే తెలుపు. ఆ రంగును ఫొటో అంతటికీ పులమడం తెలివైన పని కాదు. స్టాక్ ఫొటో కదలడం మొదలయ్యేదే కొన్ని నెలల తర్వాత, కదిలితే ఏళ్ల తరబడి అమ్ముడవుతుంది. నీడలన్నీ నీలం, మొహాలన్నీ నారింజ చేసిన ఫొటోలు ఇప్పుడు చూస్తే ఏ కాలంలో ఎడిట్ చేశారో చెప్పేయొచ్చు. ఎడిటింగ్ మామూలుగా ఉంచి, రంగు కావాలంటే చీరలోనో గోడలోనో పెట్టండి. డిజైనర్ తనకు కావాల్సిన టోన్ తను వేసుకుంటాడు, మీరు వేసింది కడగడానికే అతను తంటాలు పడాలి.

అసలు మార్పు కొనేవాడి అవసరంలో వచ్చింది. ఒకప్పుడు స్టాక్ ఫొటో అంటే తెల్లటి ఆఫీసు, సూట్లు వేసుకుని షేక్‌హ్యాండ్ ఇచ్చుకునే నలుగురు, హెడ్‌సెట్ పెట్టుకుని నవ్వే అమ్మాయి. ఆ ధోరణి మీద విసుగు పుట్టి చాలా కాలమైంది. 2014లో స్టాక్ ఫొటోలమ్మే గెట్టీ సంస్థ, మహిళల కోసం పనిచేసే లీన్ ఇన్‌తో కలిసి పని చేసే ఆడవాళ్లను మామూలు మనుషుల్లా చూపించే సేకరణ తెచ్చింది. 2017 అక్టోబర్ నుంచి మోడల్ శరీరాన్ని సన్నగానో లావుగానో కనిపించేలా రీటచ్ చేసిన ఫొటోలు తీసుకునేది లేదంది. 2019లో సబ్బుల బ్రాండ్ డవ్, మహిళా ఫొటోగ్రాఫర్ల వేదిక గర్ల్‌గేజ్‌లతో కలిసి ‘షో అజ్’ పేరుతో రీటచింగ్ లేని ఆడవాళ్ల ఫొటోల లైబ్రరీ పెట్టింది. మన బ్యాంకులు, ఆసుపత్రులు, ఇన్సూరెన్స్ కంపెనీలు, యాప్‌లు నడిపేవాళ్లు వెతికేది కూడా ఇదే, తమ కస్టమర్‌లా కనిపించే మనిషి. ఎక్కడైనా తీయగలిగే ఫొటోకు విలువ పడిపోయింది. మీ ఊళ్లోనే, తెలిసినవాళ్లే తీయగలిగే ఫొటోకు పెరిగింది. మీరు పంపిన మందారాలూ కాఫీ కప్పూ మొదటి కోవలోవి. అవి బాగాలేక కాదు, అలాంటివి ఇప్పటికే గుట్టలుగా పడున్నాయి.

ఏఐ దెబ్బ తగిలింది కూడా ఆ మొదటి కోవకే. తెల్ల బ్యాక్‌గ్రౌండ్ మీద యాపిల్ కావాలంటే ఇప్పుడు ఎవరూ కొనక్కర్లేదు. అడోబీ స్టాక్ 2022 డిసెంబర్ నుంచి ఏఐ చిత్రాలను, ఏఐ అని గుర్తు పెడితే, తీసుకుంటోంది. గెట్టీ 2022 సెప్టెంబర్‌లోనే వద్దంది. షట్టర్‌స్టాక్ కూడా మనలాంటి కంట్రిబ్యూటర్ల నుంచి ఏఐ చిత్రాలు తీసుకోదు. కాబట్టి ఏఐతో చేసినవి ఫొటోలని చెప్పి పంపే ఆలోచనే వద్దు, ఖాతాకే ఎసరు. కెమెరాతో తీసినదాంట్లో కూడా ఫొటోషాప్ జెనరేటివ్ ఫిల్‌తో లేని వస్తువులు చేర్చకండి. మచ్చ తుడవడం వేరు, లేని అరటిచెట్టును మొలిపించడం వేరు. రా ఫైళ్లు (కెమెరా నుంచి యథాతథంగా వచ్చే అసలు ఫైళ్లు) చెరపకుండా దాచండి, ఫొటో నిజమైనదేనా అని ఎవరైనా అడిగితే చూపించడానికి అదొక్కటే సాక్ష్యం. ఏఐకి ఇంకా పట్టుబడనిది మన దగ్గర బోలెడుంది. అది గీసిన పెసరట్టు దోసెలా ఉంటుంది, చీర కుచ్చిళ్లు ఎటు పోతాయో తెలియదు, దుకాణం బోర్డు మీద తెలుగు అక్షరాలు చాలాసార్లు పురుగుల్లా పాకుతుంటాయి. ఏఐకి శిక్షణ ఇవ్వడానికి మీ ఫొటోలు వాడటం ఇష్టం లేకపోతే షట్టర్‌స్టాక్ ఖాతా సెట్టింగుల్లో వద్దని చెప్పే వీలుంది. అడోబీ వాళ్ల ఏఐ బొమ్మల సాధనం ఫైర్‌ఫ్లైకి అడోబీ స్టాక్ ఫొటోలతో కూడా శిక్షణ ఇచ్చారన్నది తెలిసే చేరండి.

ఇప్పుడొక సీన్ మొదటి నుంచి చివరి దాకా చూద్దాం. పెద్దావిడ కూరగాయల బండి దగ్గర ఫోన్‌తో డబ్బు కట్టడం. యూపీఐ వచ్చింది 2016లో. బ్యాంకింగ్, చిల్లర వ్యాపారం, పెద్దవాళ్లు, టెక్నాలజీ, ఇన్ని విషయాలకు పనికొచ్చే సీన్ ఇంకోటి దొరకడం కష్టం. చెడగొట్టుకోవడానికీ ఇంతకంటే సులువైన సీన్ లేదు.

బండి మీద అసలు క్యూఆర్ కార్డు ఉంటే తీసేయించండి. దాని మీద కంపెనీ లోగో ఉంటుంది, పైగా అది ఆ మనిషి నిజమైన ఖాతా. ఉచితంగా క్యూఆర్ తయారుచేసే సైట్లో ‘నమూనా’ లాంటి ఉత్త మాట ఒకటి ఎక్కించి, లోగో లేకుండా, ఏ5 సైజు కార్డు మీద ప్రింట్ తీసుకోండి. డబ్బు పడిందని అరిచే సౌండ్‌బాక్సు కూడా కంపెనీదే, పక్కకు పెట్టండి. ఫోన్ తెర మీద నిజమైన యాప్ కనిపించకూడదు. తెల్లటి పేజీ మీద ఆకుపచ్చ టిక్కు, కింద ₹40 అని మీరే ఒక బొమ్మ చేసి, ఫోన్‌లో దాన్ని తెరిచి, బ్రైట్‌నెస్ పూర్తిగా పెంచండి. ఫోన్ వెనక లోగో దాచడానికి ఒక మామూలు కవర్ వెంట ఉంచుకోండి. ఆ తర్వాత బండిని చుట్టూ చూడండి. కింద పరిచింది సిమెంటు బస్తానా, క్యారీబ్యాగు మీద బట్టల దుకాణం పేరుందా, కాటా మీద కంపెనీ స్టిక్కరుందా, వెనక గోడకు సినిమా పోస్టరో పార్టీ జెండానో ఉందా, ఆగి ఉన్న స్కూటర్ నంబరు కనిపిస్తోందా? ఐదు నిమిషాల్లో చేత్తో తీసేసేవాటిని ఫొటోషాప్‌లో తుడవాలంటే ఫొటోకు అరగంట పడుతుంది, అయినా ఏదో ఒక మూల అక్షరం మిగిలి రిజెక్ట్ అవుతుంది.

వెలుతురు కోసం పొద్దున ఏడు నుంచి ఎనిమిదిన్నర మధ్య వెళ్లండి, బండిని నీడ పక్కకు తిప్పించండి. ఐఎస్ఓ 200, ఎఫ్/4, షట్టర్ 1/250తో మొదలుపెట్టి వెలుతురును బట్టి మార్చుకోండి. ఆవిడది తెల్ల చీరైతే ఎక్స్‌పోజర్ ఒక మూడోవంతు స్టాపు తగ్గించండి. చామనఛాయను తెలుపు చేయడానికి ఎడిటింగ్‌లో నీడలు లాగకండి, చర్మం బూడిదరంగుకు తిరుగుతుంది, కొనేవాడికి కావలసింది కూడా ఆ ఛాయే. ‘ఇటు చూసి నవ్వండి’ అనకండి, పెళ్లిళ్లలో అలవాటైపోయిన ఆ మాటే ఇక్కడ పెద్ద శత్రువు. నిజంగానే బేరమాడమనండి. వంకాయ గిల్లి చూడటం, ‘ఇదేం ధరమ్మా’ అనడం, కళ్లజోడు నుదుటి మీదికి తోసి ఫోన్ దగ్గరగా పెట్టుకోవడం, అవే ఫొటోలు.

మొత్తం బండి కనిపించేలా 18 ఎంఎం దగ్గర ఒకటి, 35 దగ్గర ఇద్దరూ, 50తో చేతులూ ఫోనూ, ఆవిడ భుజం మీదుగా తెర, బండి యజమాని ఒక్కడే కెమెరాలోకి చూస్తూ, అతను తన ఫోన్‌లో డబ్బు పడిందో లేదో చూసుకుంటూ. ఒక్కోటి అడ్డంగా, నిలువుగా. ఫోకస్ ఒకసారి మొహం మీద, ఒకసారి ఫోన్ మీద. ఇంటికొచ్చాక పన్నెండో పదిహేనో ఎంచి పంపండి, అంతే. తల కాస్త తిప్పిన పది ఫొటోలు పంపితే ఒకేలాంటివని వెనక్కి కొడతారు.

ఇద్దరి దగ్గరా మోడల్ రిలీజ్ తీసుకోండి. సైట్లే ఇచ్చే ఇంగ్లిష్ ఫారం వాడండి. పేరు, పుట్టిన తేదీ, చిరునామా, తేదీ, సంతకం, సాక్షి సంతకం ఉంటాయి. సాక్షి మీరు కాకూడదు, మోడలూ కాకూడదు. పద్దెనిమిదేళ్లు నిండనివాళ్లయితే అమ్మో నాన్నో సంతకం పెట్టాలి. ఫారంలో ఏముందో తెలుగులో విడమర్చి చెప్పండి: ‘ఈ ఫొటో ఎవరైనా కొనుక్కోవచ్చు, బ్యాంకు ప్రకటనలో రావచ్చు, మందుల ప్రకటనలో రావచ్చు, నేను ఆపలేను’ అని. అది వినగానే కొందరు వద్దంటారు. అననివ్వండి. ఒప్పుకున్నవాళ్లకు వాళ్ల టైముకు తగ్గ డబ్బివ్వండి. బండి ఆపినందుకు ఆ పూట కూరగాయలు మీరే కొంటే ఇంకా మంచిది.

మీరున్న చోట అన్నిటికంటే పెద్ద ఆస్తి భీమవరం వైపు చెరువులు. రొయ్యల సాగులో ఆంధ్రప్రదేశ్‌దే దేశంలో మొదటి స్థానం, వాటిని కొనేది విదేశాలు. మేతలమ్మేవాళ్లు, ఎగుమతిదారులు, బ్యాంకులు, పర్యావరణం మీద రాసే పత్రికలు, అందరికీ ఫొటోలు కావాలి. తెల్లవారుజామున చెక్ ట్రే పైకి లాగి రొయ్యల్ని చూసుకునే రైతు, నీటిలో ఆక్సిజన్ కొలిచే టెక్నీషియన్, పట్టుబడి రోజు ఐసు పోసిన క్రేట్లు, వాటిని ఏరుతున్న ఆడవాళ్లు. చెరువు నీటికి గాలి పట్టించే ఏరియేటర్ చిమ్మే నీటిని ఒకసారి 1/1000తో గడ్డకట్టించి, ఒకసారి ట్రైపాడ్ మీద 1/15తో పాలలా జార్చి, రెండూ తీయండి. మేత బస్తాల మీద పేర్లు పెద్దగా ఉంటాయి, తిప్పి పెట్టించండి. లెన్స్ మీద ఉప్పునీటి తుంపర పడితే పొడిగుడ్డతో రుద్దకండి, గీతలు పడతాయి, ముందు తడిగుడ్డతో ఉప్పు తీసేయాలి. చెరువు గట్టు మీద రెండు ఉదయాలు గడిపితే వచ్చే ఫొటోలు మీ నాలుగు వందల కంటే ఎక్కువ పనికొస్తాయని ధైర్యంగా చెప్పొచ్చు.

ఇంట్లో తీసేవి కూడా చాలా ఉన్నాయి. షుగర్ పరీక్ష చేసుకుంటున్న తాతగారు, పాపకు అన్నం తినిపిస్తున్న నాన్న, వీడియో కాల్‌లో డాక్టర్‌తో మాట్లాడుతున్న బామ్మ. కిటికీ వెలుతురులో ఐఎస్ఓ 800, ఎఫ్/4, 1/125 సరిపోతాయి. ట్యూబ్‌లైటు ఆర్పేయండి, అది వెలుగుతుంటే మొహంలో ఒక పక్క పచ్చదనం వస్తుంది, దాన్ని ఎడిటింగ్‌లో సరిచేయడం మహా కష్టం. ఎల్‌ఈడీ లైటు తప్పనిసరైతే షట్టర్ 1/50 గానీ 1/100 గానీ పెట్టండి, మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి చారలు పడవు. గది మరీ సర్దేయకండి. స్టూలు మీద మందుల డబ్బా, కుర్చీ మీద తువ్వాలు ఉండనివ్వండి, డబ్బా మీది పేరు తప్ప. గోడ మీద క్యాలెండర్ మాత్రం తీయండి. అందులో దేవుడి బొమ్మ గీసినవాళ్లకు హక్కులుంటాయి, కింద ఏదో దుకాణం పేరూ ఉంటుంది.

వికలాంగుల ఫొటోలకు మంచి గిరాకీ ఉంది కానీ నటింపజేయకండి. ఆసుపత్రి వరండాలో దొరికే, వెనక పెద్ద హ్యాండిల్స్ ఉన్న చక్రాల కుర్చీలో ఎవరినో కూర్చోబెడితే, రోజూ కుర్చీ వాడేవాళ్లు చూడగానే పట్టేస్తారు. వాళ్ల సొంత కుర్చీ చాలాసార్లు తేలికగా, వీపు దగ్గర పొట్టిగా ఉంటుంది. నిజంగా వాడే మనిషినే అడగండి, జాలి పుట్టించేలా కాక, ఆఫీసు పనో వంటో చేసుకుంటున్నప్పుడు తీయండి.

చూపులో వచ్చిన మార్పులు రెండింటిని మీ స్పీడ్‌లైట్ ఒక్కదానితో అందుకోవచ్చు. ఒకటి, 2000ల నాటి పాత డిజిటల్ కెమెరాతో తీసినట్టుండే ఎదురు ఫ్లాష్ ఫొటో. కాలేజీ పిల్లలు, పుట్టినరోజులు, రాత్రిపూట టిఫిన్ బండి లాంటివాటికి బాగుంటుంది. ఫ్లాష్ కెమెరా మీదే నేరుగా, టీటీఎల్‌లో (ఫ్లాష్ వెలుగును కెమెరాయే లెక్కవేసే మోడ్) –0.7, ఐఎస్ఓ 400, ఎఫ్/5.6, షట్టర్ 1/60. షట్టర్ 1/200 దాకా తీసుకెళితే వెనకదంతా నల్లగా మూసుకుపోతుంది, 1/60 దగ్గర వీధి దీపాలు మిగులుతాయి. మనిషి గోడకు ఆనుకుంటే పదునైన నీడ పడుతుంది, ఇక్కడ అదే అందం. నుదురూ ముక్కూ జిడ్డుగా ఉంటే తెల్లమచ్చలు పడతాయి, ముందే టిష్యూతో అద్దించండి. పాత ఫిల్మ్ లుక్ కోసం గ్రెయిన్ కలపడం, మూలన తేదీ ముద్ర వేయడం మాత్రం వద్దు. రివ్యూ చేసేవాళ్లు గ్రెయిన్‌ను నాయిస్ కింద లెక్కేసి తిప్పి పంపుతారు.

రెండోది, ఆహారం మీద గట్టి వెలుతురు, ముదురు రంగు కాగితం, కొట్టొచ్చినట్టు కనిపించే నీడ. సాఫ్ట్‌బాక్స్ అక్కర్లేదు. ముదురు పసుపు చార్టు మీద అరటాకు, పెసరట్టు, అల్లం పచ్చడి. ఫ్లాష్‌ను ట్రిగ్గర్‌తో పక్కకు తీసి, ఐదడుగుల దూరంలో, నలభై ఐదు డిగ్రీల ఎత్తున పెట్టండి. మాన్యువల్‌లో 1/8 పవర్, ఐఎస్ఓ 100, ఎఫ్/8, 1/160. నీడ మరీ నల్లగా ఉంటే ఎదురుగా తెల్ల థర్మాకోల్ ముక్క నిలబెట్టండి. పెసరట్టు పెనం మీంచి దించిన రెండు మూడు నిమిషాలకే వాడిపోతుంది, కాబట్టి పాత అట్టుతో వెలుతురు అంతా సరిచేసుకుని, ఆ తర్వాత వేడిది తెప్పించుకోండి. ఆకు మీద నీళ్లు చల్లాలంటే నీళ్లలో కాస్త గ్లిజరిన్ కలిపి చల్లండి, చుక్కలు జారవు. చార్టు ముడతలు ఈ వెలుతురులో గీతల్లా కనిపిస్తాయి, అందుకే చుట్టచుట్టిందే కొనండి, మడత పెట్టింది వద్దు.

ఫ్రేమింగ్‌లో ఒక్క అలవాటు మార్చుకోవాలి. పెళ్లి ఆల్బమ్ కోసం ఫ్రేమ్ నింపుతాం, స్టాక్‌కు ఖాళీ వదలాలి. అక్షరాలు వేసుకోవడానికి మూడోవంతు ఖాళీ గోడో ఆకాశమో కావాలి, ఆ ఖాళీలో తీగలూ కొమ్మలూ ఉండకూడదు. రీల్స్, స్టేటస్‌ల కోసం నిలువు ఫొటోలకు గిరాకీ పెరిగింది. మీ 6000×4000 అడ్డం ఫొటోలోంచి 9:16 కత్తిరిస్తే 2250×4000, అంటే 9 మెగాపిక్సెల్సే మిగులుతాయి. అడోబీ, షట్టర్‌స్టాక్ అడిగే కనీసం 4 మెగాపిక్సెల్సే కాబట్టి చెల్లుతుంది, కానీ కెమెరా తిప్పి నిలువుగా తీస్తే అదే 9:16కు 20 దొరుకుతాయి. కాబట్టి తిప్పండి.

పండగల విషయంలో చాలామంది ఆలస్యంగా మేల్కొంటారు. సంక్రాంతి ప్రకటనల డిజైన్లు డిసెంబర్‌లోనే తయారవుతాయి. మీ ఫొటో అక్టోబర్, నవంబర్‌కే సైట్లో ఉండాలి. ముగ్గు, గొబ్బెమ్మలు, అరిసెల వంట ముందే అమర్చి తీయొచ్చు, చలికాలపు పొగమంచు కావాలంటే ఈ ఏడు తీసి వచ్చే ఏటికి దాచుకోవాలి. బతుకమ్మ అయితే దాచుకోక తప్పదు, తంగేడు, గునుగు పూలు ఆ రోజుల్లోనే దొరుకుతాయి. గుంపులో బతుకమ్మ ఆడేవాళ్లందరి దగ్గరా రిలీజ్ తీసుకోవడం అసాధ్యం కాబట్టి అలాంటివి ఎడిటోరియల్ (ప్రకటనలకు కాక వార్తలకు, వ్యాసాలకు మాత్రమే వాడేవి) కిందే వెళ్తాయి. షట్టర్‌స్టాక్‌లో వాటి వివరణ ఊరు, రాష్ట్రం, దేశం, తేదీతో మొదలవ్వాలి, ఎడిటింగ్‌లో ఏమీ తుడవకూడదు. రిలీజులిచ్చిన నలుగురు అమ్మాయిలతో ఒక పెరట్లో విడిగా తీసిన బతుకమ్మ కమర్షియల్‌కు, అంటే ప్రకటనలకు, పనికొస్తుంది. ఒక సాయంత్రంలో రెండూ తీసుకోవచ్చు.

పంపేముందు ప్రతి ఫొటోనూ 100 శాతం జూమ్‌లో చూడండి. కన్ను మీద కాకుండా చెవి మీద పడిన ఫోకస్, ఐఎస్ఓ 1600 దాటితే నీడల్లో వచ్చే రంగు చుక్కలు, ఎఫ్/11లో ఆకాశం మీద కనిపించే సెన్సర్ దుమ్ము, ఎక్కువ పదును పెట్టడం వల్ల అంచుల చుట్టూ వచ్చే తెల్ల గీత, సాంకేతిక కారణాలతో తిరిగొచ్చేవాటిలో చాలా వరకు ఇవే. ఎస్‌ఆర్‌జీబీ కలర్, జేపెగ్ అత్యధిక క్వాలిటీ. అడోబీలో ఫైలు 45 ఎంబీ దాటకూడదు.

కీవర్డుల దగ్గర మీరు బద్ధకించారేమోనని అనుమానం. అడోబీలో 49 దాకా పెట్టొచ్చు, మొదటి పదికే ఎక్కువ బలం. షట్టర్‌స్టాక్‌లో 50. నింపాలని నింపకండి, పాతికా ముప్పై నిజమైనవి చాలు. ఇంగ్లిష్‌లోనే రాయాలి, మొదట మనిషి (వయసు, ఆడ/మగ, సౌత్ ఇండియన్), తర్వాత చేస్తున్న పని, తర్వాత చోటు, చివర్న డిజిటల్ పేమెంట్, స్మాల్ బిజినెస్, ఇండిపెండెన్స్ లాంటి భావాలు. పెసరట్టు ఫొటోకు ‘పెసరట్టు’తో పాటు ‘గ్రీన్ గ్రామ్ క్రేప్’, ‘సౌత్ ఇండియన్ బ్రేక్‌ఫాస్ట్’ కూడా ఇంగ్లిష్ అక్షరాల్లో పెట్టండి. బెంగళూరు డిజైనర్‌కు మొదటిది తెలుసు, బెర్లిన్ డిజైనర్‌కు తెలియదు. మీ పాత సూర్యాస్తమయాలను తీసేయనక్కర్లేదు. ‘బ్యూటిఫుల్ సన్‌సెట్’ అన్న టైటిల్ మార్చి, ఏ రేవు, ఏ వంతెన, ఏ ఊరు అన్నది రాయండి. కొవ్వూరు–రాజమహేంద్రవరం మధ్య గోదావరి వంతెన కోసమే వెతికేవాళ్లుంటారు.

డబ్బు సంగతి సూటిగా. అడోబీ ఫొటోలకు 33 శాతం ఇస్తుంది, 25 డాలర్లు పోగయ్యాక తీసుకోవచ్చు. షట్టర్‌స్టాక్‌లో ఏడాదిలో అమ్ముడైనవాటిని బట్టి 15 నుంచి 40 శాతం, ప్రతి జనవరి 1కి మళ్లీ కింది మెట్టుకు వస్తారు, ఒక్కో డౌన్‌లోడ్‌కు పది సెంట్లే వచ్చే రోజులూ ఉంటాయి. ఇది పెళ్లిళ్ల ఆదాయానికి బదులు కాదు, దాని పక్కన నిలబడటానికే ఏడాది రెండేళ్లు పడుతుంది. నెలకు నాలుగు సీన్లు, సీనుకు పదిహేను ఫొటోలు పెట్టుకుని, ఆరు నెలల తర్వాత ఏ ఫొటో కదిలిందని కాక ఏ సీన్ కదిలిందని చూడండి. కదిలినదాన్ని ఇంకో ఇంట్లో, ఇంకో వయసువాళ్లతో మళ్లీ తీయండి.

ఖాతా తెరిచినప్పుడు డబ్ల్యూ-8బెన్ ఫారం (అమెరికా పన్ను కోసం, మీరు అక్కడివారు కాదని చెప్పేది) నింపారో లేదో చూసుకోండి. నింపకపోతే అమెరికాలో జరిగిన అమ్మకాల మీద 30 శాతం పన్ను కోస్తారు, నింపితే భారత్–అమెరికా ఒప్పందం ప్రకారం 15 శాతమే. అందులో పన్ను నంబరు అడిగిన చోట పాన్ రాస్తే సరిపోతుంది. సంతకం చేసిన ఏడాది పోను మరో మూడేళ్ల చివరి దాకా ఆ ఫారం చెల్లుతుంది, తర్వాత మళ్లీ నింపాలి. వచ్చిన డబ్బును ఇక్కడి రిటర్నులో చూపించి, అక్కడ కోసిన పన్నుకు క్రెడిట్ గురించి మీ ఆడిటర్‌ని అడగండి. పేపాల్ గానీ పయోనీర్ గానీ ఖాతా తెరిచేటప్పుడు ఇంటిపేరు ఒక చోట పూర్తిగా, ఇంకో చోట పొడి అక్షరంగా రాయకండి. పాన్, బ్యాంకు పాస్‌బుక్, సైట్ ఖాతా మూడింట్లోనూ స్పెల్లింగ్ ఒకటే ఉండాలి, లేకపోతే మొదటి పేమెంట్ దగ్గరే ఇరుక్కుంటుంది.